గంట ఆగిన ఎండాకాలం

ఇలా దగ్గరికి రావే బంగారూ. ఆ ఫోను కాసేపు బోర్లా పెట్టు. ఇంకాస్త జరుగు. నా చెవులు పోయాయి గానీ నోరు పోలేదు, భయపడకు. మొన్న ఆదివారం చర్చి గుమ్మంలో నిలబడి అడిగావు కదా, "తాతమ్మా, ఈ తలుపుకి అటూ ఇటూ గోడలో ఇనప కొక్కేలు ఎందుకు? వీటికి ఏం తగిలిస్తారు?" అని. చుట్టూ జనం ఉన్నారని నవ్వి ఊరుకున్నాను. అది రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు. అందులో మీ ముత్తాత ఉన్నాడు, మీ అమ్మ ఉంది, ఒక ఎండాకాలం మొత్తం ఉంది.

ఒకప్పుడు ఆ కొక్కేల్లో అడ్డకర్ర ఉండేది. పేరుకు కర్ర గానీ అది జానెడు వెడల్పున్న దిట్టమైన చెక్క. మీ ముత్తాతే చిత్రిక పట్టి చేశాడు. ఆయనది తాళాలు బాగుచేసే పని. ఎవరి బీరువా మొరాయించినా, ఎవరు తాళంచెవి పారేసుకుని వీధిలో నిలబడ్డా ఆయన కోసమే పరుగెత్తుకొచ్చేవారు. తాళాలాయన అనేవారు తప్ప అసలు పేరు సగం మందికి తెలియదు. వారమంతా తలుపులు తెరిచే ఆ మనిషికి ఆదివారం మాత్రం తలుపు మూసే పని.

చర్చి వసారాలో గంట తాడు వేలాడుతూ ఉంటుందే, అది ఆయన చేతిలో ఉండేది. పొద్దున్నే, ఎండ ముదరకముందే గంట కొట్టేవాడు. కొట్టి, లోపలికి వచ్చి, తలుపు మూసి, అడ్డకర్ర ఎత్తి ఆ కొక్కేల్లో వేసేవాడు. ఇక ఆరాధన అయిపోయేదాకా లోపలివాళ్ళు లోపలే, బయటివాళ్ళు బయటే. వెనకటి పాస్టరుగారు పెట్టిన కట్టుబాటు అది. ప్రార్థన మధ్యలో తలుపు కిర్రుమంటే ఆయనకు మాట తెగిపోయేదట. ఆయన పోయినా కట్టుబాటు ఉండిపోయింది. నాకు మాత్రం అదంటే ప్రాణం. ఆ చెక్క కొక్కేల్లో పడ్డ చప్పుడు వినగానే, వారం పొడవునా నా తలలో తిరిగిన గోలంతా బయటే ఆగిపోయేది. చల్లటి గాలి, కిటికీ పక్కన నా చోటు, నెమ్మదిగా సాగే పాట. అంతకంటే నాకేం కావాలి?

తలుపు విషయంలో మీ ముత్తాత ఎవరి మొహమూ చూసేవాడు కాదు. ఒకసారి పాస్టరుగారే ఆలస్యంగా వస్తే ఆయన మీదే వేశాడు. ఆ వారం ప్రసంగం లేదు, పాటలతో సరిపెట్టుకున్నాం. మీ అమ్మమ్మ చంకపిల్లగా ఉన్నప్పుడు నా మీదా వేశాడు. నేను మెట్ల మీద కూచుని పిల్లకి పాలిచ్చి, ఇంటికి పోయి, పొయ్యి వెలిగించకుండా పడుకున్నాను. ఆయన వచ్చి ఖాళీ గిన్నె చూశాడు, నన్ను చూశాడు. "గంట వినపడలేదా?" అన్నాడు. అలాంటి మనిషితో ఏమని పోట్లాడతాం చెప్పు?

నేను చెప్పే ఆ ఎండాకాలం వచ్చిన ఏడు మీ అమ్మ మా దగ్గర ఉండేది. చదువు అయిపోయి బిస్కెట్ల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పనికి కుదిరింది. మీ ముత్తాత దాన్ని కందిరీగ అని పిలిచేవాడు. నడుము సన్నం, నోరు చురుకు. ఆ పేరంటే దానికి మంట, ఆయనకు ముద్దు. పొద్దున్నే ఆయన తాళంచెవుల గుత్తి ఎక్కడో దాచేసి, "దొరికితే తీసుకో తాతా, దొరక్కపోతే ఈ వేళ అందరి తాళాలకీ సెలవు" అని ఏడిపించేది. ఆయన మంచం కింద, బియ్యం డబ్బాలో, నా దిండు కింద వెతుకుతూ తిట్టేవాడు. తిట్టేటప్పుడు మీసాల కింద నవ్వు ఉండేది.

ఎండలు మొదలవగానే ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు పెట్టారు. పగటి వేడికి తోడు పొయ్యిల వేడి కూడా తగిలి మనుషులు సొమ్మసిల్లి పడిపోతున్నారని వయసు పిల్లలందరినీ రాత్రికి మార్చారు. సైరన్ కూసి వాళ్ళు బయటపడేసరికి మా గంట మోగిపోయి ఉండేది. నడిచి చర్చికి వచ్చేసరికి తలుపు పడిపోయి ఉండేది. మా సంఘం పిల్లలంతా ఆ ఫ్యాక్టరీలోనే ఉండేవారు. చూస్తుండగానే చర్చిలో నల్లజుట్టు కనపడటం మానేసింది. మీ అమ్మ మొదట్లో రెండు మూడు వారాలు వచ్చి, మూసిన తలుపు చూసి, ఇంటికి పోయి పడుకుంది. తరువాత అటు రావడమే మానేసింది.

కొత్త పాస్టరుగారు వయసులో చిన్నవాడు, మాట మెత్తన. సంఘ పెద్దలను మా ఇంట్లోనే కూచోబెట్టి మాట్లాడారు. నేను టీ ఇస్తూ అంతా విన్నాను.

"ఆరాధన కాస్త వెనక్కి జరుపుదామండీ. పిల్లలు షిఫ్టు దిగి వచ్చేదాకా ఆగుదాం. లేకపోతే ఇంకొన్నాళ్ళకు నేను మీ నలుగురికే ప్రసంగం చెప్పుకోవాలి."

దర్జీ పెద్దాయన కుర్చీలో ముందుకు జరిగాడు. ఆయన మా ఆయనకు చిన్ననాటి స్నేహితుడు. చుట్టరికం లేకపోయినా ఒకరినొకరు బావా అనుకునేవారు. మడత నలగని తెల్లచొక్కా, దానిపైన నల్లకోటు, ఎంత ఎండైనా సరే.

"మేం ఎండలో మాడాలా పాస్టరుగారూ? నాకు పొద్దున్న చల్లపూట ప్రార్థనే ఇష్టం. నా మాత్రకో వేళుంది, నా అన్నానికో వేళుంది. పైగా ఆ పిల్లలు రాత్రంతా పనిచేసి ఆ పిండి బట్టలతోనే వస్తారు. బల్లల నిండా పిండే. ఆ పక్కన నేను కూచోవాలి."

"పిండేగదండీ, దులుపుకుంటే పోతుంది."

"దులుపుకునే రమ్మనండి. ఏం బావా, నువ్వేమంటావు?"

మీ ముత్తాత టీ ఊదుకుంటూ, "గంట వేళ మారదు" అన్నాడు.

లోపలి గదిలో మీ అమ్మ నిద్రపోతోందనుకున్నాం. అక్కడి నుంచి గొంతు వచ్చింది. "మారదు తాతా. మారితే నీకు జ్వరం వస్తుంది."

దర్జీ ఆయన కిసుక్కున నవ్వాడు. మీ ముత్తాత నవ్వలేదు. పాస్టరుగారు గ్లాసు కింద పెట్టి లేచి వెళ్ళిపోయారు.

ఇక ఆ ఆదివారం సంగతి. నీకు చెప్పాలంటే ఇప్పటికీ నా నోరు ఎండిపోతుంది. కాసిని మంచినీళ్ళు అందుకో.

ప్రార్థన మొదలైంది. అందరం తలలు వంచుకున్నాం. చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దం. అప్పుడు తలుపు మీద చప్పుడైంది. మొదట వేళ్ళతో తట్టారు. కాసేపటికి అరచేత్తో కొట్టారు. ఆ పైన ఎన్నో చేతులు ఒక్కసారిగా బాదడం మొదలుపెట్టాయి. మన తలుపు మందం నీకు తెలుసు కదా, దానిలోంచి మాటలు రావు, దెబ్బలే వస్తాయి. బయట ఎవరో, ఏమైందో, ఏమంటున్నారో ఒక్క ముక్క తెలియలేదు.

పాస్టరుగారు ప్రార్థన ఆపి మా ఆయన వైపు చూశారు. అందరి తలలూ అటు తిరిగాయి. మీ ముత్తాత తలుపు దగ్గర నిలబడి, అడ్డకర్ర మీద అరచెయ్యి ఆనించి ఉన్నాడు. ఎత్తడానికో, నొక్కి పట్టడానికో నాకు అంతుపట్టలేదు. దర్జీ పెద్దాయన అడ్డంగా తల ఊపాడు. ఆ కొట్టే చేతుల్లో ఒక చెయ్యి నాకు తెలుసు. రెండు దెబ్బలు గబగబా, ఒకటి ఆగి. చిన్నప్పుడు స్నానాలగదిలో నేనుంటే అలాగే కొట్టేది అది. ఆయనకూ తెలియకుండా ఉండదు.

తీయలేదు.

కాసేపటికి చప్పుడు దానంతటదే ఆగిపోయింది. ఆగాకే నాకు ఇంకా ఎక్కువ భయమేసింది. పాస్టరుగారు ప్రార్థన ఎక్కడ ఆపారో మరిచిపోయి, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టారు.

ఆరాధన అయ్యాక అడ్డకర్ర తీసి తలుపు తెరిచాం. మెట్ల మీద ఎవరూ లేరు. తలుపు బయటి వైపు, ఆ నల్లటి చెక్క మీద, తెల్లటి అరచేతుల అచ్చులు. పెద్దవీ, చిన్నవీ, ఒకదాని మీద ఒకటి. బిస్కెట్ల పిండి. అందరూ పక్కలకు చూసుకుంటూ దిగిపోయారు. మీ ముత్తాత మాత్రం ఆ అచ్చుల ముందు చాలాసేపు నిలబడిపోయాడు.

ఇంటికి వెళ్ళేసరికి మీ అమ్మ సంచిలో బట్టలు కుక్కుతోంది. కనురెప్పల మీద కూడా పిండి ఉంది, దాని మధ్యలోంచి నీళ్ళు కారిన చారలు.

"ఏమైందే?" అన్నాను.

"రింగులమ్మ చెయ్యి మిషన్లో పడింది అమ్మమ్మా. నా పక్కనే. ఆసుపత్రిలో పడుకోబెట్టారు. వేళ్ళు నిలుస్తాయో లేదో చెప్పలేమన్నాడు డాక్టరు. మాకు ఎక్కడికి పోవాలో తోచలేదు. ఇంటికి పోదామా అన్నారు కొందరు. నేనే అన్నాను, మా తాత చర్చిలో ఉంటాడు, అందరూ ఉంటారు, అందరూ ఆమె కోసం ప్రార్థన చేస్తారు, రండి అని. నేనే తీసుకొచ్చాను అందరినీ."

రింగులమ్మంటే దాని పక్కన ప్యాకింగ్ చేసే రింగుల జుట్టు పిల్ల. ఎప్పుడూ మా ఇంట్లోనే పడి ఉండేది.

మీ ముత్తాత గుమ్మంలోనే ఆగిపోయాడు. "ఎవరో తెలియలేదు" అన్నాడు.

"తెలియలేదా తాతా? నిజం చెప్పు. తెలియలేదా?"

ఆయన వంగి చెప్పులు విప్పడం మొదలుపెట్టాడు.

"ఊరందరి తలుపులూ తీస్తావు. ఎవరు పిలిచినా అన్నం ముందు నుంచి లేచి పరుగెత్తుతావు. మేం పిలిస్తే మాత్రం నీకు గంట గుర్తొస్తుంది."

సంచి భుజాన వేసుకుంది. ఫ్యాక్టరీ ఆడపిల్లలు కొందరు కలిసి ఒక గది అద్దెకు తీసుకున్నారు, అక్కడికి వెళ్ళిపోయింది. నేను చెయ్యి పట్టుకుంటే విడిపించుకుంది. "నీ మీద కోపం లేదు అమ్మమ్మా. ఆ తలుపు దగ్గరికి మాత్రం ఇక రాను. మాలో ఎవరూ రారు."

ఆ తరువాత మా ఇల్లు ఇల్లులా లేదు. ఇద్దరమే, ఎదురెదురుగా కూచుని తినడం, లేవడం. తాళంచెవుల గుత్తి రోజూ దాని మేకుకే ఉండేది. ఆయన పొద్దున్నే చెయ్యి చాపి తీసుకోబోతూ ఒక్క క్షణం ఆగేవాడు. చర్చి ఊడ్చే ఆవిడ తడిగుడ్డ పట్టుకుని తలుపు తుడవబోతే, "ఉండనీ" అన్నాడట. ఆమె వచ్చి నాతో చెప్పింది. "మీ ఆయనకు ఒంట్లో బాగుందా అమ్మా?" అని అడిగింది.

ఒకరోజు పొద్దున్న తాళం ఒకటి విప్పి ముందు పెట్టుకుని, దాన్ని చూడకుండా అడిగాడు.

"ఏమే, ఆ ఫ్యాక్టరీ సైరన్ ఎప్పుడు కూస్తుంది?"

"అదేం ప్రశ్నండీ? రోజూ కొట్లో కూచుని వింటూనే ఉంటారుగా."

"రోజూ వింటాను. ఆదివారం కూడా అదే వేళకి కూస్తుందా?"

"ఎందుకు కూయదు? ఆదివారం షిఫ్టు లేదా ఏంటి?"

ఆయన ఆ తాళంలో నూనె చుక్క వేశాడు. "నేనెప్పుడూ వినలేదు" అన్నాడు. "ఆ వేళకి లోపలుంటాను. తలుపు వేసి ఉంటుంది."

అంతే. తాళం బిగించి కొట్టుకు పోయాడు. ఆ సాయంత్రం మామూలు కంటే ఆలస్యంగా వచ్చాడు, చెప్పులు దుమ్ముకొట్టుకుపోయి, చొక్కా వీపుకి అంటుకుపోయి. "ఎక్కడికి వెళ్ళారు?" అంటే, "ఫ్యాక్టరీ గేటు దగ్గర్నుంచి చర్చిదాకా నడిచాను" అన్నాడు. "నా కాళ్ళకే అంత దూరం అనిపించలేదు. వాళ్ళు ఇంకా త్వరగా వస్తారు."

ఆదివారం వచ్చింది. జనం చేరారు. మీ ముత్తాత తాడు ముట్టుకోలేదు. అడ్డకర్రను బయటికి తెచ్చి, మోకాళ్ళ మీద అడ్డంగా పెట్టుకుని, చర్చి మెట్టు మీద కూచున్నాడు. ముసలివాళ్ళం అందరం వసారాలో విసనకర్రలతో నిలబడ్డాం.

దర్జీ ఆయన వచ్చి, "బావా, వేళయింది" అన్నాడు.

"తెలుసు."

"మరి గంట?"

"కొడతాను."

"ఎప్పుడు?"

"పిల్లలు వచ్చాక."

"నీకేమైనా అయిందా? వేళ మారదన్నది నువ్వే కదా! గంట కొట్టాక ఎవరికీ తలుపు తీయనన్నది నువ్వే కదా!"

"ఇప్పుడూ అదే అంటున్నాను. గంట కొట్టాక తీయను. ఇంకా కొట్టలేదుగా."

పాస్టరుగారు అటు తిరిగి దగ్గారు. నవ్వు ఆపుకోవడానికని నాకు తెలుసు.

సైరన్ కూసింది. వసారాలోకి ఎంత స్పష్టంగా వినపడిందో! అందరం సందు వైపు చూశాం. ఎండ ఎక్కుతోంది. మీ ముత్తాత కళ్ళల్లో వత్తులు వేసుకుని కూచున్నాడు. వాళ్ళు నడిచి రావడానికి పట్టేంతసేపు కూచున్నాడు, ఆ పైన ఇంకాసేపు. సందులో కుక్క ఒకటి వచ్చి పడుకుంది తప్ప ఎవరూ రాలేదు. ఎలా వస్తారు? వాళ్ళ కోసం ఆగాడని వాళ్ళకెవరు చెప్పారు?

ఆయన లేచి గంట కొట్టి, తలుపు వేసి, చెక్క దించాడు. ఆ చప్పుడు నాకు మొట్టమొదటిసారి బాగుండలేదు.

ఇంటికి వస్తూ దారిలో అన్నాను. "నేను వెళ్ళి దానితో ఒక్కమాట చెప్పి వస్తాను. తాత నీ కోసం ఎండలో కూచున్నాడని."

"వద్దు" అన్నాడు. "అలా చెబితే నా మీద జాలితో వస్తుంది. అది చర్చికి రావాలి గానీ నన్ను చూడటానికి కాదు."

మొండిఘటం అని మనసులో తిట్టుకున్నాను. పైకి కూడా తిట్టాననుకుంటా.

మరుసటి వారం జనం పల్చబడ్డారు. రెండు కుటుంబాలు వేరే చర్చికి వెళ్ళిపోయాయని తెలిసింది. అందులో ఒకావిడ ఎన్నో ఏళ్ళు నా పక్కన కూచుని నాతో కలిసి పాడిన మనిషి. మా ఆయన మళ్ళీ మెట్టు మీదే. ఈసారి దర్జీ పెద్దాయన దగ్గరికి రాలేదు, దూరంగా నిలబడి మాట్లాడాడు.

"ఏమండీ, సంఘ పెద్దలం కూచుని అనుకున్నాం. వచ్చే ఆదివారం వేళకి గంట మోగకపోతే ఆ తాడు ఇంకొకరికి ఇస్తాం. మీ ఒక్కరి పట్టుదల కోసం మేమంతా ఎండలో నిలబడలేం."

నిన్నటిదాకా బావా, నువ్వూ అన్న మనిషి "ఏమండీ, మీరూ" అనేసరికి మా ఆయన మొహం మీద చెళ్ళున కొట్టినట్టయింది. నేను చూశాను. అయినా లేవలేదు. ఆ గంట తప్ప ఆయనకు ఈ లోకంలో ఇంకో గౌరవం లేదే బంగారూ. తాళాలవాణ్ణి పని ఉన్నప్పుడే పిలుస్తారు, పని అయ్యాక గుర్తుపెట్టుకోరు. గంట కొట్టేవాడిగానే నలుగురిలో ఆయన ఒక మనిషి. అది పోతుందని తెలిసి కూడా కదలలేదు.

సైరన్ కూసింది. ఈసారి ఒక్కరు వచ్చారు. రింగులమ్మ. చేతికి పెద్ద కట్టు, మొహం పాలిపోయి ఉంది. పనికి పోవడం లేదు కాబట్టి ఇంటి నుంచే వచ్చింది. మమ్మల్నందరినీ బయటే చూసి బిత్తరపోయి, మా ఆయన పక్కన మెట్టు మీద కూలబడింది.

"చెయ్యి ఎలా ఉందమ్మా?"

"వేళ్ళు దక్కాయి తాతా. ఒకటి మాత్రం వంగదంటున్నారు." మా అందరి వైపూ చూసి, "మీరంతా ఇక్కడెందుకున్నారు? ఇంకా మొదలవలేదా?" అంది.

"గంట కొట్టలేదు."

"ఎందుకు?"

మీ ముత్తాత అడ్డకర్ర మీద ఏదో మరక ఉన్నట్టు బొటనవేలితో రుద్దాడు. "రావలసినవాళ్ళు రాలేదు" అన్నాడు.

ఆ పిల్ల ఆయన వైపు చూసింది, వెనక తలుపు మీది పిండి అచ్చుల వైపు చూసింది. ఆ రోజు నా పక్కన ఖాళీ అయిన చోట కూచుంది.

మూడో ఆదివారం నాకు ముద్ద దిగలేదు. మా ఆయన మాత్రం ఉతికిన చొక్కా వేసుకుని, మీసాలు దువ్వుకుని బయలుదేరాడు. మెట్టు మీద కూచున్నాడు. దర్జీ పెద్దాయన గంట తాడు పక్కనే నిలబడ్డాడు, చేతులు కట్టుకుని. గంట కొట్టే వేళ అయింది. దాటింది. దర్జీ ఆయన ఒకసారి పాస్టరుగారి వైపు చూశాడు.

"సైరన్ దాకా ఆగండి" అన్నారు పాస్టరుగారు. "ఒక్కసారికి నా మాట వినండి."

సైరన్ కూసింది. సందు ఖాళీ. ఒకావిడ నీళ్ళ బిందెతో పోయింది. ఒకాయన సైకిల్ తోసుకుంటూ పోయాడు. ఎండకు నా తల తిరుగుతోంది. విసనకర్రలు కూడా ఆగిపోయాయి. అంతా మా ఆయన వీపు వైపే చూస్తున్నారు.

"ఇక చాలు" అని దర్జీ ఆయన తాడు పట్టుకున్నాడు.

అప్పుడు సందు మలుపులో రింగులమ్మ కనపడింది, కట్టు కట్టిన చెయ్యి ఛాతీకి ఆనించుకుని, గబగబా. ఆమె వెనక మీ అమ్మ. మీ అమ్మ వెనక వాళ్ళంతా. తలల మీద ఫ్యాక్టరీ టోపీలు, కాళ్ళకు బరువు బూట్లు, ఒళ్ళంతా పిండి. నిద్రలేక కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పొయ్యిల సెగ వాసన వాళ్ళకంటే ముందే వచ్చింది. మెట్ల కింద వరసగా ఆగిపోయారు. ఒక్కరూ పైకి రాలేదు.

మీ అమ్మ ఆయన ఎదురుగా నిలబడింది. ఇద్దరిలో ఎవరు ముందు నోరు విప్పుతారా అని నేను చూస్తున్నాను.

"గంట కొట్టేశావా తాతా?"

"లేదు."

"ఎందుకు?"

"భుజం నొప్పి."

మీ అమ్మ పెదవి కొరుక్కుంది. "నన్ను కొట్టమంటావా?" అంది.

"కొట్టు కందిరీగా."

అది మెట్లెక్కి దర్జీ ఆయన ముందు చెయ్యి చాపింది. ఆయన ఆ పిండి చేతిని చూశాడు, తన నల్లకోటును చూసుకున్నాడు. తాడు దాని చేతిలో పెట్టి పక్కకు జరిగాడు. మీ అమ్మ లాగిన లాగుడుకి గంట కంటే ముందు పైకప్పు మీది పావురాలన్నీ లేచాయి. మా ఆయన కొడితే గంట నెమ్మదిగా, లెక్కగా మోగేది. అది కొడితే ఇల్లు తగలబడుతున్నట్టు మోగింది.

లోపల చోటు చాల్లేదు. వాళ్ళు మా మధ్య ఇరుక్కుని కూచున్నారు. పాట ఎత్తుకుంటే నేను ఒక చరణం పూర్తిచేసేలోగా వాళ్ళు మూడోదాంట్లో ఉన్నారు. పైగా చప్పట్లు. నా కిటికీలోంచి ఎండ నేరుగా నా మొహం మీదికి వచ్చింది. నిజం చెబుతున్నాను, నాకేమీ నచ్చలేదు. ఇప్పటికీ ఆ చప్పట్లు నచ్చవు. అయితే మాత్రం? ఆ పాత నిశ్శబ్దం నాకెంత ఇష్టమో నాకు తెలుసు. ఆ ఇష్టాన్ని ఒళ్ళో పెట్టుకుని ఒక్కదాన్నే కూచుంటే, ఇవాళ నువ్వు నా పక్కన కూచునేదానివా?

అన్నట్టు, పాట మొదలుకాకముందు సంగతి ఒకటి ఉంది. అందరూ లోపలికి వచ్చాక మీ ముత్తాత తలుపు మూయబోతూ అడ్డకర్ర చేతిలోకి తీసుకున్నాడు. అలవాటు కదా. అప్పుడు మీ అమ్మ బల్ల మీద నుంచి వెనక్కి తిరిగి, "తాతా, ఉండు. జిరాఫీ రాలేదు. బూటు లేసు తెగి వెనకబడ్డాడు" అని లోగొంతుకతో అంది. వాళ్ళలో ఒక పొడుగు కుర్రాడుండేవాడు, వాణ్ణి అలా పిలిచేవారు. ఆయన బయటికి చూశాడు. నిజంగానే వాడు మెట్ల దగ్గర ఒంటికాలి మీద గెంతుతూ, కూచునే చోటు లేక ఆ బరువు బూటుతో అవస్థ పడుతున్నాడు. మీ ముత్తాత వసారాలో రెండు రాతి దిమ్మెలు చూసి, వాటి మీద ఆ చెక్క అడ్డంగా వేసి, "కూచుని కట్టుకోరా" అన్నాడు. వాడు కూచున్నాడు.

చెక్క అక్కడే ఉండిపోయింది. మరుసటి వారం ఇంకెవరో బూట్లు విప్పుకోవడానికి కూచున్నారు. ఆ తరువాతి వారం ఇంకొకరు. దాన్ని లోపలికి తెమ్మని ఎవరూ అనలేదు, ఆయనా తేలేదు. గంట మాత్రం ఆ రోజు నుంచి సైరన్ తరువాతే. వెళ్ళిపోయిన రెండు కుటుంబాలూ తిరిగి రాలేదు. నా పక్కన పాడే ఆవిడ బజారులో ఎదురుపడితే ఇప్పటికీ తల తిప్పుకుంటుంది, నాకది ముల్లులా గుచ్చుకుంటుంది. దర్జీ పెద్దాయన కోటు మీద ఆ రోజు ఎవరిదో చెయ్యి పడి పిండి అంటుకుంది. దులుపుకుంటూనే ఇంటికి పోయాడు. మరుసటి ఆదివారం కోటు లేకుండా మామూలు చొక్కాతో వచ్చాడు. మా ఆయన పక్కన నిలబడి, సందులోకి తొంగిచూస్తూ, "ఇంకా రాలేదేం బావా వీళ్ళు?" అన్నాడు. కోటు సంగతి ఎవరూ ఎత్తలేదు.

మీ అమ్మ ఆ సాయంత్రమే సంచి తెచ్చుకుని ఇంటికి వచ్చేసింది. ఇద్దరూ ఆ సంగతి ఒక్క మాట మాట్లాడుకోలేదు. మరునాడు పొద్దున్న మీ ముత్తాత మేకు వైపు చెయ్యి చాపితే గుత్తి లేదు. మంచం కింద చూశాడు. బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టాడు. "ఈ ఇంట్లో నా వస్తువు ఒక్కటీ ఉన్నచోట ఉండదు!" అని అరుస్తూ నా దిండు ఎత్తాడు. అప్పుడు ఆయన కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను, చూడనట్టు పొయ్యి వైపు తిరిగాను.

తలుపుకి తరువాత రంగు వేశారు, ఆ చేతుల అచ్చులు పోయాయి. కొక్కేలను పీకేద్దామన్నారు గానీ, గోడ పగులుతుందని వదిలేశారు. చెక్క మాత్రం ఉంది. నువ్వు ప్రతి ఆదివారం వసారాలో కాళ్ళు ఊపుకుంటూ కూచుని, లేసులు కట్టుకోకుండా నన్ను కట్టమంటావే, ఆ బల్ల. అదేనే బంగారూ అడ్డకర్ర.

ఇది గుర్తుపెట్టుకో. రేపు నువ్వు పెద్దదానివై, నీకంటూ ఒక పాట, ఒక వేళ, కిటికీ పక్కన ఒక చోటు ఏర్పడతాయి. అప్పుడు నీకంటే చిన్నవాళ్ళెవరో ఆలస్యంగా, నీకు నచ్చని బట్టల్లో, నీకు నచ్చని పాటతో వస్తారు. నీకు కోపం వస్తుంది, నాకు తెలుసు, నా మనవరాలి కూతురివి. అప్పుడు వాళ్ళని ఆ బల్ల మీద కూచోబెట్టి ఈ సంగతి చెప్పు. మీ ముత్తాత భుజం నొప్పి సంగతి మాత్రం వదిలెయ్యకు.